తుంటిలో సిర్కా గిన్నె

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టీపట్టి, ఎల్బీ నగర్‌లో బోల్టులు బిగించే ఒక లాటిన్ మాట కథ

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే రెండు రకాల గుంపులు కనిపిస్తాయి. ఒకటి కోచింగ్ క్లాసు వదిలిన పిల్లలది. వీపున బ్యాగు, చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన నోట్సు. రెండోది ఫాస్ట్‌ఫుడ్ బండి చుట్టూ మూగినవాళ్లది. కాసేపు ఆగితే మొదటి గుంపే రెండో గుంపవుతుంది. నూడుల్స్ పళ్లేల పక్కన, సాస్ సీసాల నడుమ ఒక చిన్న గిన్నె ఉంటుంది. అందులో పచ్చిమిరపకాయ ముక్కలు తేలే వెనిగర్. పాతబస్తీలో దాన్నే సిర్కా అంటారు. ఆ గిన్నెను లాటిన్‌లో ఏమంటారని బైపీసీ పిల్లలని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఆ మాట మాత్రం వాళ్ల సంచిలోనే ఉంది. జువాలజీ నోట్సులో, అస్థిపంజరం పాఠంలో, పసుపు హైలైటర్ పూసుకుని మరీ ఉంది. ఎసిటాబ్యులం.

లాటిన్‌లో ‘ఎసిటం’ అంటే వెనిగర్. దానికి పాత్ర అనే అర్థమిచ్చే తోక తగిలిస్తే ఎసిటాబ్యులం, అంటే సిర్కా గిన్నె. రోమన్లు భోజనాల దగ్గర దాన్ని పక్కన పెట్టుకుని రొట్టె ముక్క ముంచుకునేవారు. మనకు ఇడ్లీ పళ్లెం పక్కన చట్నీ గిన్నె ఎలాగో వాళ్లకు అది అలాగ. మరి వంటింటి గిన్నె మనిషి తుంటిలోకి ఎందుకొచ్చింది?

తుంటి ఎముక పుట్టుకతో ఒక్కటి కాదు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అని మూడు. ఆ మూడూ కలిసే చోట బయటి వైపుకు ఒక గుండ్రటి గుంట ఉంటుంది. పెద్దవాళ్లలో దాని అడ్డుకొలత సుమారు 5 సెంటీమీటర్లు. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల ఆ గుంటలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. గుంట అంచు చుట్టూ మెత్తటి పట్టీ ఒకటి ఉండి దాన్ని మరింత లోతు చేసి, బంతిని సగానికి పైగా పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ పేరు లేబ్రమ్, అంటే పెదవి. గిన్నె అన్నాక పెదవి ఉండాలిగా మరి! పసితనంలో మూడు ఎముకల మధ్యా ఇంగ్లిషు ‘వై’ అక్షరం ఆకారంలో మృదులాస్థి ఉంటుంది. అది గట్టిపడి మూడూ ఒక్కటయ్యేది యుక్తవయసులో. నీట్‌కు కూర్చునే పిల్లవాడు ఈ గిన్నె గురించి చదివే నాటికి అతని సొంత గిన్నె అతుక్కుని పట్టుమని నాలుగేళ్లు కూడా అయి ఉండదు.

కోచింగ్ సెంటర్లో ఒక్కరోజు టైంటేబుల్ తీసుకోండి. పొద్దున కెమిస్ట్రీ సారు ఎసిటిక్ ఆమ్లం చెబుతారు. అది ఎసిటమే. తర్వాత బోటనీ మేడం మోనోకాట్, డైకాట్ అంటూ ఏకదళబీజాలు, ద్విదళబీజాలు చెబుతారు. ఆ ‘కాట్’ అనేది కాటిలెడన్‌కు పొట్టి రూపం. దాని వెనకున్న గ్రీకు మాట కొటిలీ, అంటే చిన్న గిన్నె. గ్రీకులు తుంటి గుంటనూ ఆ మాటతోనే పిలిచారు. మధ్యాహ్నం జువాలజీలో లివర్ ఫ్లూక్ వస్తుంది. గొర్రెల కాలేయంలో బతికే ఆ పురుగు పొట్ట వైపున ఉండే చూషకం పేరు కూడా ఎసిటాబ్యులమే. ఇక కణంలో పెత్తనం కేంద్రకానిదేనని శాస్త్రవేత్త హామర్లింగ్ నిరూపించిన ఏకకణ శైవలం పేరు ఎసిటాబ్యులేరియా. దాని నెత్తిన గిన్నె ఆకారపు టోపీ ఉంటుంది కనుక ఆ పేరు. ఒకే గిన్నె నాలుగు పాఠాల్లో దొర్లుతున్నా, ఇది అదేనని ఒక్కరూ చెప్పరు.

తప్పు వాళ్లది మాత్రమే అనలేం. నీట్ 720 మార్కుల్లో సగం, అంటే 360, బయాలజీవే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఎసిటాబ్యులానికి దక్కింది ఒకటి రెండు వాక్యాలు. మాట మూలం తెలిసినంత మాత్రాన మార్కు రాదు. అయినా ఇది తలకిందులైన పొదుపని నాకనిపిస్తుంది. అర్థం చెప్పడానికి అర నిమిషం చాలు. అర్థం తెలియని మాటను బుర్రలో నిలబెట్టుకోవడానికే రోజులు పడతాయి. గుండెను పేరులోనే పెట్టుకున్న బస్తీ ఇది. దిల్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ బట్టీ పట్టించనక్కర్లేదు.

గిన్నె పగిలిన వీరుడు

సిర్కా గిన్నె కంటే ముందు గ్రీకుల గిన్నె ఉంది. హోమర్ ఇలియడ్ ఐదో సర్గలో డయోమీడిస్ అనే వీరుడు, ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేనంత బండరాయి ఎత్తి ట్రాయ్ పక్షాన పోరాడే ఈనియస్ మీదికి విసురుతాడు. రాయి ఎక్కడ తగిలిందో కవి వైద్యుడిలా చెబుతాడు. తొడ వచ్చి తుంటిలో తిరిగే చోట తగిలిందట, దాన్ని జనం గిన్నె అంటారట. గిన్నె నుజ్జయింది, నరాలు తెగాయి, ఈనియస్ మోకాలి మీద కూలబడ్డాడు. మనకు ఊరుభంగం తెలుసు, భీముడి గద దుర్యోధనుడి తొడల మీద పడింది. గ్రీకు కవి గురి ఇంకొంచెం పైకి పెట్టాడు.

ఈనియస్‌ను తల్లి ఆఫ్రొడైటీ యుద్ధభూమి నుంచి తప్పించబోయింది. ఆమెకూ గాయమైతే అపోలో తన గుడికి చేర్చాడు. అక్కడ లీటో, ఆర్టెమిస్ దేవతలు వైద్యం చేసి నిలబెట్టారు. ఆ తర్వాత కథ రోమన్ కవి వర్జిల్ చేతిలో ఈనియడ్ అయింది. ట్రాయ్ కాలిపోయాక తండ్రిని భుజాన మోసుకుని బయలుదేరిన ఈనియస్ ఇటలీ చేరి రోమన్లకు మూలపురుషుడయ్యాడు. ఏ జాతి ఆ గుంటకు సిర్కా గిన్నె అని పేరు పెట్టిందో, ఆ జాతి ఆదిపురుషుడికి పగిలింది సరిగ్గా ఆ గిన్నే. దీన్ని ఎవరూ కావాలని కూర్చలేదు, అందుకే ముచ్చట. విరిగిన తుంటితో తండ్రిని మోయగలిగాడంటే ఆ దేవతల ఆర్థోపెడిక్స్ గొప్పదే అయి ఉండాలి.

పెద్ద ప్లినీ అనే రోమన్ రచయిత తన ‘ప్రకృతి చరిత్ర’లో ఎసిటాబ్యులాన్ని చాలా పనులకు వాడాడు. ఆక్టోపస్ జాతి జీవుల చేతుల మీది చూషకాలకు వాడాడు, తుంటి గుంటకు వాడాడు, మందులు కొలవడానికీ వాడాడు. కొలతగా అది హెమినా అనే రోమన్ మానికలో నాలుగో వంతు, ఇప్పటి లెక్కలో 68 మిల్లీలీటర్ల చిల్లర. వెసూవియస్ పేలినప్పుడు, క్రీ.శ. 79లో ప్లినీ పోయాడు. అతనికి కొంచెం ముందటివాడైన సెనెకా ఒక ఉత్తరంలో, గారడీవాళ్లు ఎసిటాబ్యులాలు బోర్లించి గులకరాళ్లు మాయం చేసే ఆట గురించి రాశాడు. మన సంతల్లో డిప్పల కింద బంతులు మార్చే ఆట రోమ్ వీధుల్లోనూ ఉందన్నమాట.

తుంటి ఒక్కటే కాదు, రోమన్లు ఒంటినంతా ఇంటి సామానుతో నింపేశారు. మోకాలి చిప్ప పటెల్లా అంటే చిన్న పళ్లెం. పెల్విస్ అంటే తొట్టె. కాలి పిక్క వైపు సన్నటి ఎముక ఫిబ్యులా అంటే బట్టలకు పెట్టుకునే పిన్నీసు. దాని పక్కనున్న టిబియా పిల్లనగ్రోవి. మెడ కింది క్లావికిల్ చిన్న తాళంచెవి. వైద్యం లాటిన్‌లో ఉందంటే అదేదో మంత్రభాష అనుకుంటాం. దగ్గరికెళ్లి చూస్తే ఒక సగటు రోమన్ ఇంటి అటక. వింతేమిటంటే, ఇంత సామాను సర్దినవాళ్లు తుంటి ఎముకకు మాత్రం పేరు పెట్టలేదు. చాలాకాలం దాన్ని ఆస్ ఇన్నామినేటమ్, అంటే పేరులేని ఎముక అన్నారు. పేరులేని ఎముకలో పేరున్న గుంట! 1895లో బాసెల్‌లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు సమావేశమై, అప్పటికి యాభై వేల దాకా పెరిగిన పేర్లను వడపోసి ఐదు వేల చిల్లరకు దించారు. ఎముకకు ఆస్ కాక్సే అన్న పేరు స్థిరపడింది. గిన్నె మాత్రం చెక్కుచెదరలేదు. 1998లో ప్రచురించిన అంతర్జాతీయ జాబితా టెర్మినోలాజియా అనాటమికాలోనూ ఎసిటాబ్యులం ఎసిటాబ్యులమే.

మన రోలు, వాళ్ల హుక్కా

ఇదే గుంటలోకి మనవాళ్లు తొంగిచూసినప్పుడు వాళ్లకు రోలు కనిపించింది. సుశ్రుత సంహిత శారీరస్థానం ఐదో అధ్యాయంలో ఒంట్లోని కీళ్లను 210గా లెక్కగట్టి, వాటిని ఎనిమిది రకాలుగా విడదీశారు. అందులో ఒక రకం పేరు ఉలూఖలం. సంస్కృతంలో ఉలూఖలం అంటే దంచే రోలు. ఆ రకం కీళ్లు ఎక్కడెక్కడ ఉంటాయంటే చంకలో, గజ్జల దగ్గర, పళ్లలో అన్నారు. భుజం, తుంటి సరే. పళ్లు కూడానా అంటే, చిగురులో దిగబడి ఉన్న పన్ను సుశ్రుతుడికి రోట్లో నిలబెట్టిన రోకలిలా కనిపించింది. తిరగడం, తిరగకపోవడం ఆయన లెక్కలోకి రాలేదు, ఆకారం చాలు. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సంబంధం లేని మాటకు మనం సామెత చెబుతాం. సుశ్రుతుడి పట్టికలో మాత్రం తుంటికీ పళ్లకూ సంబంధం ఉంది, రెండూ ఒకే గదిలో ఉన్నాయి. సామెత పుట్టించినవాళ్లు ఆ పట్టిక చూసి ఉంటారని నేననను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాటి పాతబస్తీలోకి వెళితే ఇంకో పాత్ర దొరుకుతుంది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీ ఉంది, అక్కడ యునానీ వైద్యం నేర్పుతారు. అరబ్బీ వైద్యంలో ఈ గుంట పేరు హుక్క్. చిన్న పెట్టె, డబ్బా అని అర్థం. నీళ్ల బుడ్డి పెట్టుకుని పొగ పీల్చే హుక్కాకూ ఆ మాటే మూలం. ఈ ఊళ్లో వైద్యం ఉర్దూలోనే చదివిన రోజులున్నాయి. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో తొలి పాఠాలు ఉర్దూలోనే జరిగాయి. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పెట్టిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా శాస్త్రాలతోపాటు వైద్య గ్రంథాలనూ ఉర్దూలోకి తెచ్చింది. 1948 తర్వాత ఆ అధ్యాయం ముగిసింది. ఆ పనిలో ఎన్ని మాటలు పుట్టాయో, వాటిలో ఎన్ని అటకెక్కాయో లెక్కతీస్తే అది వేరే ముఖచిత్ర కథనం.

తెలుగు సంగతికి వద్దాం. ఆరో తరగతి సామాన్యశాస్త్రంలో పిల్లలకు తుంటి కీలును ‘బంతి గిన్నె కీలు’ అని పరిచయం చేస్తారు. మోచేయి ‘మడతబందు కీలు’, మెడ ‘బొంగరపు కీలు’. ఈ పేర్లు కూర్చిందెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. పదకొండేళ్ల పిల్లకు బొమ్మ చూడకుండానే అర్థమైపోతాయి. అదే పిల్ల ఇంటర్‌కు వచ్చేసరికి గిన్నె మాయమై ‘శ్రోణి ఉలూఖలం’ ప్రత్యక్షమవుతుంది. భుజం దగ్గరిది ‘అంస ఉలూఖలం’. పీవీ నరసింహారావు తొలి అధ్యక్షుడిగా 1968లో తెలుగు అకాడమీ మొదలైనప్పుడు ఉన్నత విద్యకు తెలుగు పరిభాష కావాలనే తపన నిజమైనది. ఆ కృషిని తక్కువ చేయలేం. కానీ ఉలూఖలం విషయంలో నా ఫిర్యాదు నాకుంది. రోమన్ పిల్లవాడికి ఎసిటాబ్యులం రోజూ చేత్తో పట్టుకునే వస్తువు. సుశ్రుతుడి శిష్యుడికి ఉలూఖలం పెరట్లో ఉండేది. మన నల్లగొండ పిల్లకు మాత్రం ఎసిటాబ్యులమూ పరాయిదే, ఉలూఖలమూ పరాయిదే. నడుమ రోలు అనే మాట ఊరికే పడి ఉంది. పరిభాషకు గౌరవం రావాలంటే వంటింటి వాసన పోగొట్టాలనుకున్నాం. లాటిన్‌కు గౌరవం వచ్చింది వంటింటి నుంచే.

2017లో నీట్‌ను తెలుగులోనూ రాసే వీలు వచ్చింది. అంతకు ముందు ఏడాది దాకా మన పిల్లలకు ఎంసెట్ ఉండేది. తెలుగు ప్రశ్నపత్రంతో పాటు ఒక నిబంధన కూడా వచ్చింది. అనువాదంలో ఏదైనా సందేహం వస్తే ఇంగ్లిషు పాఠాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. అంటే ఉలూఖలం మీద తగాదా వస్తే తీర్పు ఎసిటాబ్యులానిదే.

హైవే మొదలయ్యే చోట

దిల్‌సుఖ్‌నగర్ తర్వాత చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆపైన ఎల్బీ నగర్. మెట్రో ఎర్ర లైను అక్కడితో ఆగుతుంది. 2018 సెప్టెంబరు 24 నుంచి రైళ్లు ఇక్కడిదాకా వస్తున్నాయి. రైలు ఆగిన చోట విజయవాడ హైవే అందుకుంటుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు పిల్లల్ని దింపేది ఇక్కడే. ఆ రోడ్డు మీది ప్రమాదాల్లో గాయపడినవాళ్లను తెచ్చే అంబులెన్సులు నగరంలోకి అడుగుపెట్టేదీ ఇక్కడే. కామినేని ఆసుపత్రి, దాని వైద్య కళాశాల మొదలుకొని చిన్నా పెద్దా ఆసుపత్రులు ఈ కూడలి చుట్టూ పెరిగాయి. కోచింగ్ నోట్సులోని పసుపు గీత ఇక్కడికొచ్చేసరికి ఎక్స్‌రే మీద నల్లటి చీలికవుతుంది.

ముందు సీట్లో కూర్చున్న మనిషి మోకాళ్లు మడిచి ఉంటాయి. కారు దేన్నయినా గుద్దితే మోకాలు వెళ్లి డ్యాష్‌బోర్డుకు తగులుతుంది. ఆ దెబ్బ తొడ ఎముక గుండా నిలువునా ప్రయాణించి తుంటి గిన్నెను తాకుతుంది. ఆ క్షణంలో తొడ ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. తొడ లోపలికి వాలి ఉంటే, కాలు మీద కాలేసుకున్నా అంతే, బంతి గిన్నెలోంచి వెనక్కి జారిపోతుంది. తొడ ఎడంగా ఉంటే బంతి గిన్నెనే పగలగొడుతుంది. ఆర్థోపెడిక్ డాక్టర్లు దీన్ని డ్యాష్‌బోర్డ్ ఇంజురీ అంటారు. బంతి వెనక్కి జారిన మనిషి కాలు పొట్టిగా, లోపలికి తిరిగి ఉంటుంది, చాచలేడు. వెనకే సయాటిక్ నరం ఉంది. అది నలిగితే పాదం పైకి లేవదు. తొడ ఎముక తలకు రక్తం అందించే సన్నటి నాళాలు చిట్లుతాయి కాబట్టి ఆరు గంటల లోపు బంతిని గిన్నెలో కూర్చోబెట్టాలని వైద్యులు తొందరపడతారు. రోడ్డు పక్కన నలుగురు చేరి కాలు పట్టి లాగడం మాత్రం వైద్యం కాదు. గుంట అంచు విరిగిందో లేదో చూడకుండా లాగితే ఉన్నదీ పోతుంది.

పగిలిన గిన్నెను అతకడం చాలాకాలం ఎవరికీ సరిగా చేతకాలేదు. లోతైన కండల అడుగున, పెద్ద రక్తనాళాల పక్కన ఉండే ఎముక అది. పారిస్‌లో సర్జన్లు రాబర్ట్ జూడే, ఎమిల్ లెటూర్నెల్ 1964లో ఆ పగుళ్లను పది రకాలుగా వర్గీకరించారు. ఎటు నుంచి ఎక్స్‌రే తీస్తే ఏ గోడ కనిపిస్తుందో, ఏ పగులుకు ఏ వైపు నుంచి కోత పెట్టాలో దారి చూపారు. స్కానింగులు ఎన్ని వచ్చినా ఎల్బీ నగర్‌లో ఈ కేసు రాసే డాక్టరు ఇవాళ్టికీ ఆ పదింట్లో ఒకదాని పేరే రాస్తాడు. చేతులకూ కాళ్లకూ పుత్తూరు కట్టుకు ఉన్న పేరు చిన్నది కాదు, నగరంలోనూ ఆ బోర్డులు కనిపిస్తాయి. కానీ బయటి నుంచి బద్దలు పెట్టి కట్టే ఏ కట్టూ ఈ గిన్నెను పట్టి ఉంచలేదు.

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. ‘మా నాయనమ్మ బాత్రూంలో పడింది, తుంటి విరిగింది’ అని ఇళ్లలో అంటుంటాం. అలాంటప్పుడు విరిగేది ఎక్కువగా గిన్నె కాదు, బంతికి కిందుండే తొడ ఎముక మెడ. సుశ్రుతుడి భాషలో చెప్పాలంటే రోలు బాగానే ఉంటుంది, రోకలి విరుగుతుంది. రెండింటికీ ఆపరేషన్లు వేరు, ఖర్చులు వేరు, కోలుకునే తీరు వేరు. ‘తుంటి’ అని ఊరుకోకుండా ఏది విరిగిందో డాక్టర్ను అడిగి తెలుసుకోవాలి.

పసిపిల్లల గిన్నె కథ ఇంకో తీరు. కొందరికి పుట్టుకతోనే అది లోతు తక్కువగా ఉంటుంది, బంతి జారిపోతుంటుంది. కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, నిటారుగా చాపి, బట్టతో బిగించి చుట్టే అలవాటున్న చోట ఈ ఇబ్బంది ఎక్కువ. పిల్లల్ని కాళ్లు ఎడంగా పెట్టి ఒంటికి ఆనించుకుని మోసే సమాజాల్లో తక్కువ. తొడలు విడివిడిగా ఉంటే బంతి గిన్నె మధ్యలో కుదురుకుని గుంటను లోతు చేస్తుంది. కొత్తపేట రైతుబజారులో ఒక చేత్తో కూరగాయల సంచి పట్టుకుని, బిడ్డను చంకనేసుకుని బేరమాడే తల్లి తెలియకుండానే చేస్తున్న పని అది.

ఇక అరిగిపోయిన గిన్నెల సంగతి. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ తుంటి మార్పిడిని నిలదొక్కుకునే వైద్యంగా మార్చాడు. మొదట టెఫ్లాన్‌తో గిన్నె చేశాడు. రెండు మూడేళ్లలో అది అరిగి, ఆ పొడికి చుట్టూ కండ వాచిపోయింది. 1962లో గట్టి పాలిథిలీన్‌కు మారాక పని నిలబడింది. ఇప్పుడు బయట టైటానియం గిన్నె, దాని లోపల ప్లాస్టిక్ పొర, అందులో తిరిగే లోహపు లేదా సెరామిక్ బంతి. డాక్టర్లు ఈ సామానును ‘ఎసిటాబ్యులర్ కప్’ అంటారు. అర్థం విప్పితే సిర్కా గిన్నె గిన్నె. మనం నడిమధ్య అన్నట్టే.

ఆపరేషన్ గదిలో తుంటి గుంటను గుండ్రటి పళ్లున్న మరతో కొద్దికొద్దిగా పెద్దది చేస్తూ కొలుస్తారు. యాభై, యాభై రెండు, యాభై నాలుగు మిల్లీమీటర్లు అలా వెళుతూ సరిపోయిన చోట ఆగి ఆ సైజు గిన్నె బిగిస్తారు. అవసరమైతే దాని వీపు గుండా బోల్టులు. ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తల్లో మనకు కష్టమనిపించేవి నేల మీద సక్లం ముక్లం కూర్చోవద్దని, కింద కూర్చునే మరుగుదొడ్డి వాడొద్దని. ముఖ్యంగా మొదటి నెలల్లో బంతి జారే ప్రమాదం ఎక్కువ. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాల్లోనే చిన్న స్టిక్కర్లు అంటించి ఉంటాయి. కంపెనీ, గిన్నె సైజు, బంతి సైజు, లాట్ నంబరు అన్నీ వాటి మీద ఉంటాయి. పదిహేను ఇరవయ్యేళ్ల తర్వాత లోపలి పొర అరిగినప్పుడు, బయటి గిన్నె గట్టిగా ఉంటే పొర ఒక్కటే మార్చే వీలుంటుంది. అప్పుడు ఏ కంపెనీ గిన్నెకు ఏ పొర సరిపోతుందో తేలేది ఆ స్టిక్కరుతోనే. జిరాక్స్ తీసి రేషన్ కార్డు, ఆధార్ ఉండే కవర్లోనే పెట్టుకోండి.